కొన్న బిస్కెట్ల మీద పిల్లలతో పండగ అలంకరణ: పోయినసారి అంతా కారిపోయింది, ఈసారి ఏం చేయాలి?

నీలిగొడుగు
పండగ సెలవులకి మా ఇంట్లో ఐదుగురు పిల్లలు చేరుతున్నారు. మావాళ్ళిద్దరు, మా ఆడపడుచు పిల్లలు ముగ్గురు. మూడేళ్ళ నుంచి పదేళ్ళ దాకా ఉన్నారు. పోయినసారి కూడా ఇలాగే చేరారు. ప్యాకెట్ బిస్కెట్లు కొని, పంచదార పొడిలో నీళ్ళు, రంగులు కలిపి, నక్షత్రాలూ చెట్లూ మంచుబొమ్మలూ వేయిద్దామని కూర్చోబెట్టాను. పది నిమిషాల్లో అంతా ఆగమాగం అయిపోయింది. ఐసింగ్ అంచు దాటి బల్ల మీదికి కారింది. ఎరుపు పక్కన తెలుపు వేస్తే తెల్లారేసరికి గులాబీ మరకలు. బిస్కెట్లు మెత్తబడి చేత్తో ఎత్తితే విరిగాయి. పెద్దమ్మాయి వీడియోలో చూసినట్టు రాలేదని ఏడ్చింది. చిన్నోడు స్ప్రింకిల్స్, అదే పైన చల్లే రంగు రంగుల చక్కెర పలుకులు, డబ్బా మొత్తం ఒక్క బిస్కెట్ మీదే ఒంపేశాడు.

ఆ సమయానికే ఇంటికొచ్చిన ఒక బంధువు, "కొన్న బిస్కెట్లకి ఈ సింగారం ఏంటమ్మా, చేస్తే ఇంట్లో చెయ్యాలి, లేకపోతే మానెయ్యాలి" అన్నారు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటోంది. మా ఇంట్లో ఓవెన్ లేదు. ఉన్నా నా డ్యూటీ టైమింగ్స్‌తో పిండి కలిపి కాల్చే ఓపిక ఉండదు. కానీ పిల్లలతో ఆ రెండు గంటలు కూర్చోవాలని నాకు చాలా ఉంది. ఐసింగ్ నిలబడాలి, బిస్కెట్ కరకరలాడాలి, చిన్నోడికీ పెద్దదానికీ ఇద్దరికీ చేతినిండా పని ఉండాలి. దారి చెప్పండి.

ఇద్దరి_నాన్న
ముందు ఆ బంధువు మాట పక్కన పెట్టండి. కాగితం మనమే తయారు చేసి పిల్లలకి బొమ్మలు వేయమని ఇస్తున్నామా? బిస్కెట్ కూడా అంతే, అది వాళ్ళకి కాగితం.

గడుగ్గాయి_అమ్మ
@ఇద్దరి_నాన్న ఈ మాట రాసిపెట్టుకుంటాను.

చక్కెరపాకం
పన్నెండేళ్ళుగా కేకులు చేసి అమ్ముతున్నాను. పిల్లలకి ఇలాంటి క్లాసులు కూడా చెబుతాను. అక్కడ నేను కూడా కొన్న బిస్కెట్లే వాడతాను. పిల్లల ఓపిక ఎంతసేపు ఉంటుందో తెలిసినవాళ్ళు దాన్ని పిండి దగ్గర ఖర్చు చేయరు.

మీ అసలు సమస్య నీళ్ళు. మనం కూరలో పోసినట్టు గ్లాసుతో పోస్తాం. 120 గ్రాముల ఐసింగ్ షుగర్‌కి మొదట మూడు టీస్పూన్లు చాలు. కలిపితే ముందు పొడిపొడిగా, ఇంక కలవదేమో అనిపిస్తుంది. అక్కడ కంగారుపడి ఇంకాస్త పోయకండి. రెండు నిమిషాలు గిన్నె అంచుకి రుద్దుతూ కలపండి, అదే ముద్దవుతుంది. ఆ తర్వాత చుక్కలు చుక్కలుగా. అక్కడ అర టీస్పూన్ ఎక్కువైనా చిక్కదనం మారిపోతుంది. పొరపాటున పల్చబడితే ఇంకో చెంచా పొడి వేసి వెనక్కి తెచ్చుకోవచ్చు.

చిక్కదనం చూడ్డానికి నేను వాడే లెక్క ఇది. చెంచాతో ఎత్తి గిన్నెలోకే ఒక తీగలా వదలండి. ఆ గీత పది అంకెలు లెక్కపెట్టేసరికి కలిసిపోతే, బిస్కెట్ మీద పరుచుకుంటుంది కానీ అంచు దాటదు. మూడు అంకెలకే కలిసిపోతే కారుతుంది. ఇరవై దాటినా నిలబడే ఉంటే అది అంచు గీయడానికి, కళ్ళూ ముక్కూ పెట్టడానికి. కాబట్టి రెండు రకాలు చేసుకోండి. చిక్కటిదానితో అంచు చుట్టూ గోడ కట్టాలి, పావుగంట ఆరాక లోపల పల్చటిది పోయాలి. గోడ ఉంటే కారడం అన్న మాటే రాదు. గోడ పని పెద్దపిల్లలకి, లోపల నింపే పని చిన్నవాళ్ళకి ఇవ్వండి.

బిస్కెట్ ఎలాంటిది కొన్నారు? క్రీమ్ ఉన్నవీ, ఉప్పువీ, మరీ పల్చటివీ వద్దు. మందంగా, సాదాగా ఉండేవి తీసుకోండి. ఇంకో ముఖ్యమైన సంగతి: బిస్కెట్‌ని తిరగేయండి. పైన కంపెనీ పేరో, పువ్వో, చిల్లులో ఉంటాయి. చాలావాటికి అడుగు వైపు నున్నగా ఉంటుంది. దాని మీద వేస్తే చక్కగా కూర్చుంటుంది. వేసేముందు పొడి బ్రష్‌తో నలుసులు దులపండి.

నీలిగొడుగు
తిరగేయడం! నాకసలు తట్టలేదు. పోయినసారి ఆ అక్షరాల గాళ్ళలోంచే అంతా పారింది.

వంటగది_కిటికీ
ఇంట్లో పంచదార మిక్సీ పట్టిన పొడి పనికొస్తుందా? బయట ఐసింగ్ షుగర్ అన్నిసార్లూ దొరకదు.

చక్కెరపాకం
@వంటగది_కిటికీ పనికొస్తుంది. రెండుసార్లు మిక్సీ పట్టి, సన్న జల్లెడలో జల్లించాలి. లేకపోతే నాలుక మీద ఇసకలా తగులుతుంది. కొన్నదానిలో గడ్డకట్టకుండా కొంచెం మొక్కజొన్న పిండి కలిపి ఉంటుంది. మీరు కూడా ఒక కప్పు పొడికి ఒక టీస్పూన్ కార్న్‌ఫ్లోర్ కలపండి. మిక్సీ మూత వెంటనే తీయకండి, పొడి మొహం మీదికి లేస్తుంది. జల్లించడం మాత్రం ఏ రకానికైనా తప్పదు. ఒక్క గడ్డ ఉన్నా ఐసింగ్ నింపి పిండే పైపింగ్ కవర్ చివర అడ్డం పడి పిల్లలకి విసుగొస్తుంది.

ల్యాబ్‌కోటు
బిస్కెట్ ఎందుకు మెత్తబడిందో చెబుతాను, ఇది నా రోజూ పని. బిస్కెట్‌లో తేమ బాగా తక్కువ. అందుకే అది కరకరలాడుతుంది. తడి ఎక్కడ దొరికితే అక్కడినుంచి లాక్కుంటుంది. గాలిలోంచి లాక్కుంటుంది, మీ ఐసింగ్‌లోంచి ఇంకా వేగంగా లాక్కుంటుంది. కాబట్టి:

ప్యాకెట్లు ముందే విప్పి పళ్ళెంలో పరచకండి. కూర్చున్నాకే విప్పండి.

ఐసింగ్ చిక్కగా ఉంటే అందులో నీరే తక్కువ, లాక్కోవడానికి పెద్దగా ఏమీ ఉండదు. చక్కెరపాకం గారు చెప్పిన కొలతే మెత్తదనానికి కూడా మందు.

ఇంకా భద్రం కావాలంటే ముందు బిస్కెట్ మీద కరిగించిన చాక్లెట్ పల్చగా రాసి ఆరనివ్వండి. కొవ్వు పొర నీటిని లోపలికి పోనివ్వదు. దాని మీద ఐసింగ్ వేయండి.

రంగు మరకల కథ కూడా తడిదే. ఎరుపు, నీలం లాంటి ముదురు రంగులు నీటితోపాటు పక్కకి నడుస్తాయి. మొదటి రంగు పూర్తిగా ఆరకముందే రెండోది పక్కన పెడితే రెండూ కలిసిపోతాయి.

పాతచెక్కబల్ల
నేను వేరే మాట చెబుతాను, ఏమీ అనుకోవద్దు. నలుగురు పిల్లల్ని పెంచాను, ఇప్పుడు మనవల్ని చూస్తున్నాను. పిండిలో చేయి పెట్టడం, అచ్చుతో నొక్కడం, కాలుతున్న వాసన, ఇవన్నీ పిల్లలకి గుర్తుంటాయి. ప్యాకెట్ విప్పిన సంగతి గుర్తుండదు. వీలైనప్పుడు ఒక్కసారైనా ఇంట్లో కాల్చండి అనే అంటాను.

ఇద్దరి_నాన్న
@పాతచెక్కబల్ల అమ్మా, మీ మాట కాదనను. కానీ ఆవిడ ఓవెన్ లేదని మొదటి పోస్టులోనే చెప్పారు.

రాత్రి_డ్యూటీ
@పాతచెక్కబల్ల మా అమ్మ కూడా ఉద్యోగం చేసేది. ఆదివారం మధ్యాహ్నం ప్యాకెట్ బిస్కెట్లు, జామ్ సీసా, నువ్వులు ముందు పెట్టుకుని నాతో బొమ్మలు చేసేది. జామ్‌తో నోరు, నువ్వులతో పళ్ళు. నాకిప్పుడు 41 ఏళ్ళు. ఆ నువ్వుల పళ్ళు ఇంకా కళ్ళముందే ఉన్నాయి. ప్యాకెట్ ఏ రంగుదో కూడా గుర్తుంది. గుర్తుండిపోయేది మా అమ్మ ఫోనూ ఫైలూ లేకుండా నా పక్కన కూర్చోవడం.

పాతచెక్కబల్ల
@రాత్రి_డ్యూటీ సరే నాయనా. నువ్వుల పళ్ళు నేను కూడా మనవడితో చేసి చూస్తాను.

గడుగ్గాయి_అమ్మ
మూడేళ్ళవాళ్ళ గురించి నేను చెప్పగలను, మా ఇంట్లో కవలలున్నారు. వాళ్ళకి పైపింగ్ కవర్లు ఇవ్వకండి, వెనక వైపు నుంచి నొక్కుతారు, అంతా మోచేతికి వస్తుంది. చెంచా వెనక భాగంతో పూయడం, లేదా వంటకే ఉంచుకున్న కొత్త బ్రష్. టూత్‌పిక్‌లు వద్దే వద్దు.

స్ప్రింకిల్స్ డబ్బా చేతికివ్వడం తప్పు కాదు కానీ డబ్బాలో ఉండేది తక్కువ ఉండాలి. ఒక్కో పిల్లకి ఒక చిన్న గిన్నెలో రెండు చెంచాలు పోసి ఇవ్వండి. అయిపోతే అయిపోయినట్టే. బిస్కెట్‌ని అంచున్న పళ్ళెంలో పెట్టి చల్లమనండి. కింద పడ్డవి ఎత్తి మళ్ళీ గిన్నెలో పోయొచ్చు. మా వాడు "వాన పడుతోంది, గొడుగు పెట్టు" అంటూ చల్లుతాడు.

నీలిగొడుగు
@గడుగ్గాయి_అమ్మ మావాడికి కూడా గిన్నెలే ఇస్తాను. మరి అందరికీ ఒకే గిన్నెలో రంగు పెట్టాలా, విడివిడిగానా? పోయినసారి నీలం కోసం కొట్టుకున్నారు.

గడుగ్గాయి_అమ్మ
విడివిడిగా, మరో ఆలోచన వద్దు. అన్ని రంగులూ అందరికీ ఇవ్వాల్సిన పనిలేదు. ఒక్కొక్కరికీ రెండు రంగులు, వాళ్ళనే ఎంచుకోమనండి. మూడోది కావాలంటే పక్కవాళ్ళతో మార్చుకోవాలి. మా ఇంట్లో ఆ బేరాలు అలంకరణ కంటే ఎక్కువసేపు నడుస్తాయి.

వేరుశనగ_భయం
ఇంటికి వేరే పిల్లలు వస్తున్నారు కాబట్టి ఇది చెప్పకుండా ఉండలేను. మా అమ్మాయికి వేరుశనగ పడదు. ఒకసారి ఒక ఇంట్లో ఇలాంటి అలంకరణకే వెళ్ళాం. బిస్కెట్ చూశాను, చాక్లెట్ చూశాను, స్ప్రింకిల్స్ సీసా చూడలేదు. దాని లేబుల్ మీద గింజల జాడ ఉండవచ్చని రాసి ఉంది. పెదాలు వాచి ఆసుపత్రికి పరుగెత్తాం. ఇప్పుడు బాగుంది. పిలిచే ముందు ప్రతి పిల్ల తల్లినీ తండ్రినీ ఒక్క మాట అడగండి: పాలు, గోధుమ, గుడ్డు, సోయా, గింజలు, నువ్వులు, వీటిలో ఏదైనా పడదా అని. కొన్న బిస్కెట్‌తో ఉన్న లాభం లేబుల్. దాన్ని చదవండి, ప్యాకెట్ చివరి దాకా పారేయకండి. చెంచాలు కూడా మారకూడదు. ఒక గిన్నెలోది ఇంకో గిన్నెలోకి వెళ్తే లేబుల్ చదివిన ఫలితం పోతుంది.

రాత్రి_డ్యూటీ
నువ్వుల సంగతి నాకు తట్టలేదు. నా పోస్టు చదివినవాళ్ళు ఇది కూడా చదవాలి.

ల్యాబ్‌కోటు
వేరుశనగ_భయం గారికి జోడింపుగా, చిన్నపిల్లలకి ఇంకొన్ని. ఐదేళ్ళలోపు వాళ్ళకి గింజలు పలుకుగా పెట్టకూడదు, గొంతుకి అడ్డం పడతాయి. గుండ్రటి గట్టి చాక్లెట్ బిళ్ళలు, మార్ష్‌మాలో అనే మెత్తటి తీపి ముద్దలు కూడా అదే ప్రమాదం. గింజలూ బిళ్ళలూ అయితే చితక్కొట్టి పొడి చేసి చల్లండి. ఏడాది నిండని బిడ్డ ఇంట్లో ఉంటే తేనె వేలితో నాకించడం కూడా వద్దు. అందులో ఉండగల బాక్టీరియా బీజాలు పసివాళ్ళ పేగుల్లో విషాన్ని పుట్టిస్తాయి. మామూలుగా వేడి చేసినంత మాత్రాన అవి చావవు.

మెరుపుల పొడి కొనేటప్పుడు సీసా మీద "తినదగినది" అని, పదార్థాల జాబితాతో సహా ఉందో లేదో చూడండి. "విషం కాదు" అని మాత్రమే ఉంటే అది తినడానికి చేసింది కాదు. వెండి రంగు పూసల్లాంటి వాటిలో కూడా కొన్ని అలంకరణకి మాత్రమే.

ఆకుపచ్చ_కంచం
మాది పూర్తి శాకాహారం. స్ప్రింకిల్స్‌లో కూడా చూసుకోవాలని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. లేబుల్ మీద E120 అనే కోడ్ ఉంటే అది కార్మైన్, ఎర్రరంగు, ఒక రకం పురుగుల నుంచి తీస్తారు. E904 అంటే షెల్లాక్, లక్క పురుగు స్రవించే లక్క నుంచి వచ్చే మెరుపు పూత. మార్ష్‌మాలోలో సాధారణంగా జెలటిన్ ఉంటుంది, అది జంతువుల నుంచి తీసేది. ఇవి తినేవాళ్ళు తింటారు, మనకి తెలిసి ఉండాలని చెబుతున్నాను.

వంటగది_కిటికీ
మరి రంగులకి బీట్‌రూట్, పసుపు వాడొచ్చా?

ఆకుపచ్చ_కంచం
@వంటగది_కిటికీ నేను అవే వాడతాను. బీట్‌రూట్ రసాన్ని సన్నమంట మీద ఇగరబెట్టి చిక్కగా చేసుకోవాలి. పచ్చిరసం పోస్తే ఐసింగ్ పల్చబడుతుంది. ఐసింగ్ కలిపే నీళ్ళ బదులు ఆ రసమే పోస్తే లెక్క సరిపోతుంది. పసుపు చిటికెలో సగం చాలు, ఎక్కువైతే వాసన తెలుస్తుంది. ఆకుపచ్చకి పాలకూర రసం. రుచి భయపడినంత రాదు. వెలుతురు తగిలితే ఈ రంగులు వెలిసిపోతాయి కాబట్టి వేసిన రోజో మర్నాడో తినేయాలి.

చక్కెరపాకం
కొన్న రంగులైతే నీళ్ళలాంటివి కాదు, జెల్ తీసుకోండి. టూత్‌పిక్ కొనకి అంటినంత చాలు. ఇంకోటి, ఆరాక రంగు ముదురుతుంది. మీకు కావాల్సిన దానికంటే ఒక మెట్టు లేతగా ఉన్నప్పుడే ఆపండి. నలుపు కావాలంటే తెల్ల ఐసింగ్‌లో నలుపు పోస్తూ పోకండి, ముందు కోకో పొడి కలిపి గోధుమరంగు చేసి, దానిలో కొంచెం నలుపు వేయండి.

మధ్యాహ్నం_నిద్ర
చాక్లెట్ కరిగిస్తుంటే నాకు ప్రతిసారీ గట్టి ముద్దలా, ఇసకలా అయిపోతోంది. పాడైన చాక్లెట్టా?

చక్కెరపాకం
@మధ్యాహ్నం_నిద్ర చాక్లెట్ మంచిదే. ఎక్కడో ఒక చుక్క నీరు పడింది. తడి చెంచా, తడి గిన్నె, కింద గిన్నెలోంచి వచ్చే ఆవిరి, ఏదైనా సరే. కొద్దిపాటి నీటికి చాక్లెట్‌లోని పంచదార, కోకో పొడి తడిసి గుంపు కట్టేస్తాయి. అందుకే నీళ్ళలాంటి రంగు కూడా చాక్లెట్‌లో కలపకూడదు, నూనెతో చేసిన రంగే వాడాలి. ముద్దయిందాన్ని పారేయకండి. వేడి పాలు చెంచా చెంచా కలుపుతూ పోతే సాస్ అవుతుంది.

మైక్రోవేవ్‌లో అయితే సగం పవర్‌లో 30 సెకన్లు పెట్టి తీసి కలపడం, మళ్ళీ 20 సెకన్లు, అలా. ముక్కలు ఇంకా కనబడుతుండగానే తీసేయాలి, మిగిలిన వేడికే కరుగుతాయి. తెల్ల చాక్లెట్ ఇంకా త్వరగా మాడుతుంది. పిల్లలతో అయితే కాంపౌండ్ చాక్లెట్ నయం. అందులో కోకో వెన్న బదులు వేరే కొవ్వు ఉంటుంది, ప్రత్యేకంగా ఉష్ణోగ్రత చూడకుండానే గట్టిపడుతుంది. కరిగించే పని మాత్రం పెద్దవాళ్ళదే. పిల్లల ముందుకి గోరువెచ్చగా అయ్యాకే రావాలి.

కొత్తగా_చేరాను
రాయల్ ఐసింగ్ అంటే గుడ్డు తెల్లసొనతో చేస్తారట కదా. అది గట్టిగా ఆరుతుందంటున్నారు. పిల్లలకి ఇవ్వొచ్చా?

ల్యాబ్‌కోటు
@కొత్తగా_చేరాను పచ్చి తెల్లసొనతో వద్దు. సాల్మొనెల్లా అనే బాక్టీరియా ఉండే అవకాశం ఉంది, చిన్నపిల్లలకీ గర్భిణులకీ పెద్దవయసు వాళ్ళకీ అది ప్రమాదం. మెరింగ్ పౌడర్ అని దొరుకుతుంది, పాశ్చరైజ్ చేసిన ఎండు తెల్లసొన పొడితో చేస్తారు, దానితో చేసుకోవచ్చు. గిన్నెకి కొంచెం జిడ్డున్నా నురుగు రాదు.

మధ్యాహ్నం_నిద్ర
త్వరగా ఆరాలంటే ఫ్రిజ్‌లో పెడితే సరిపోతుంది కదా? నేను అలాగే చేస్తాను.

ల్యాబ్‌కోటు
ఐసింగ్‌కి ఫ్రిజ్ వద్దు. బయటికి తీయగానే చల్లటి బిస్కెట్ మీద తేమ పడుతుంది. అప్పుడే రంగులు కారతాయి. ఫ్యాన్ కింద, ఒకదానికొకటి తగలకుండా వదిలేయండి. పైపొర గంట రెండు గంటల్లో ఆరుతుంది. ఒకదాని మీద ఒకటి పేర్చాలంటే రాత్రంతా ఉండాలి. ముసురు పట్టిన రోజైతే ఇంకా ఆలస్యం.

మధ్యాహ్నం_నిద్ర
అయితే నావి ప్రతిసారీ చెమటలు పట్టడానికి కారణం అదన్నమాట.

పూలసజ్జ
ఎవరూ అడగలేదు కానీ అడుగుతున్నాను. పిల్లలు వేసినవి పక్కింటికీ, చుట్టాలకీ పంచుతాం కదా. నేను పిల్లలు పడుకున్నాక కూర్చుని అడ్డదిడ్డంగా ఉన్నవి కొంచెం సర్దుతాను. అంచులు చెక్కుతాను, కళ్ళు సమానంగా పెడతాను. ఇచ్చేటప్పుడు బాగుండాలి కదా. మీరెవరైనా ఇలా చేస్తారా?

బొమ్మల_టీచర్
@పూలసజ్జ దయచేసి చేయకండి. నేను డ్రాయింగ్ టీచర్‌ని, ఇది అనుభవంతో చెబుతున్నాను. మా అబ్బాయికి ఆరేళ్ళప్పుడు నేను ఇదే చేశాను. వాడు మంచుబొమ్మకి మూడు కళ్ళు పెట్టాడు. రాత్రి ఒకటి తీసేసి సర్దాను. పొద్దున చూసి "ఇది నాది కాదు, నా దానికి వెనక్కి చూసే కన్ను ఉంది" అన్నాడు. ఆ డబ్బాలో ఏదీ నాది కాదని మొండికేసి ఒక్కటి కూడా తినలేదు. ఆ తర్వాత ఏడాది అలంకరణకి రమ్మంటే "నువ్వే చేసుకో, ఎలాగూ నువ్వే మారుస్తావు" అన్నాడు. ఇది చెబుతుంటే ఇప్పటికీ నాకు బాధగానే ఉంటుంది.

చుట్టాలకి చక్కటివి ఇవ్వాలనుకుంటే మీరూ వాళ్ళ పక్కన కూర్చుని మీవి మీరు చేయండి. మీది పక్కన వాళ్ళది పెట్టి ఇవ్వండి.

నీలిగొడుగు గారూ, మీ పెద్దమ్మాయి ఏడుపు కూడా ఇక్కడిదే. వీడియోలో చేసినావిడ వందల బిస్కెట్లు పాడుచేశాక ఆ ఒక్కటి చూపించింది. ముందు వీడియో తీసేయండి. కాగితం మీద బిస్కెట్ ఆకారం గీసి, పెన్సిల్‌తో తనకి కావాల్సింది వేసుకోమనండి. తర్వాత బటర్ పేపర్ మీద ఐసింగ్‌తో గీతలు, చుక్కలు సాధన చేయనివ్వండి. చేయి తిరిగాకే బిస్కెట్ ఇవ్వండి. పదేళ్ళవాళ్ళకి సరిగ్గా రావాలనే పట్టుదల ఉంటుంది. "ఎలా వచ్చినా పర్లేదులే" అంటే వాళ్ళకి అవమానంగా ఉంటుంది. నేర్పాలి.

పూలసజ్జ
చదివి చాలాసేపు ఊరుకుండిపోయాను. మా పాప ఈమధ్య "అమ్మా నువ్వు వేసి పెట్టు" అంటోంది. ఎందుకో ఇప్పుడర్థమైంది.

బొమ్మల_టీచర్
@పూలసజ్జ తనకి ఏమీ వివరించక్కర్లేదు. ఈసారి డబ్బా మీద తన పేరు తనచేతే రాయించండి.

ఇద్దరి_నాన్న
పంచే సంగతి వచ్చింది కాబట్టి: పిల్లలు వేళ్ళు నాకుతూ చేస్తారు. అవి బయటివాళ్ళకి ఇవ్వడం నాకు సమ్మతం కాదు. మేము రెండు విడతలు చేస్తాం. మొదట ఇవ్వాల్సినవి, చేతులు కడుక్కుని, నోట్లో వేలు పెట్టకుండా. పావుగంటే. తర్వాత తినాల్సినవి, ఇష్టం వచ్చినట్టు. మావాళ్ళు మొదటిదాన్ని "ఆఫీసు పని" అంటారు.

దూరపు_నాన్న
నేను పనిమీద వేరే దేశంలో ఉంటాను. మా పాప ఏడేళ్ళది. పోయిన పండక్కి ఒకే రకం సాదా బిస్కెట్ల ప్యాకెట్ నేనిక్కడ, తనక్కడ కొనుక్కుని, వీడియో కాల్‌లో కూర్చుని ఇద్దరం ఒకేసారి వేశాం. తను నాకు పాఠం చెప్పింది, "నాన్నా, చెట్టుకి కొమ్మలు కిందికి ఉండాలి" అని. ఇంట్లో కాల్చిందే అయ్యుంటే నాకిది దొరికేది కాదు. నా చెట్టు ఆ రోజే తినేశాను. తన చెట్టు మాత్రం నేను వచ్చేదాకా ఉంచుతానని దాచింది, నాలుగు నెలలు. రంగు వెలిసింది కానీ కొమ్మలన్నీ ఉన్నాయి. తినలేదు, అలాగే అద్దాల అల్మారాలో పెట్టాం.

పాతచెక్కబల్ల
@దూరపు_నాన్న కళ్ళు చెమర్చాయి నాయనా. ప్యాకెట్ బిస్కెట్ గురించి నేనన్నమాట వెనక్కి తీసుకుంటున్నాను.

తెల్లకోటు_పళ్ళు
పళ్ళ డాక్టర్‌గా నా మాట: తినడం ఆపమని చెప్పను. ఎంత తిన్నారన్నదానికంటే ఎన్నిసార్లు తిన్నారన్నది పళ్ళకి ముఖ్యం. తీపి తగిలిన ప్రతిసారీ నోట్లో బాక్టీరియా ఆమ్లం చేస్తుంది. రోజంతా ముక్క ముక్కగా కొరుకుతుంటే పంటికి తేరుకునే వ్యవధే ఉండదు. అలంకరణని భోజనం తర్వాత పెట్టండి, అప్పుడే ఒకటో రెండో తినేయనివ్వండి, నీళ్ళు తాగించండి. రాత్రి బ్రష్ మానకూడదు.

కొత్తగా_చేరాను
అంత పంచదార తింటే ఆ రాత్రి పిల్లలు గెంతులు ఆపరని నాకు టెన్షన్.

ల్యాబ్‌కోటు
@కొత్తగా_చేరాను గెంతుతారు, కానీ పంచదార వల్ల కాదు. 1994లో ఒక ప్రయోగం జరిగింది. తమ పిల్లలకి పంచదార పడదని నమ్మే తల్లుల్ని, వాళ్ళ అబ్బాయిల్ని తీసుకున్నారు. పిల్లలందరికీ ఇచ్చింది పంచదార లేని తీపే. సగం మంది తల్లులకి మాత్రం పంచదార ఇచ్చామని చెప్పారు. ఆ తల్లులే తమ పిల్లలు ఎక్కువ అల్లరి చేశారని చెప్పారు. 1995లో అంతకుముందు జరిగిన ప్రయోగాల్ని కలిపి చూసినప్పుడు కూడా పంచదారకీ పిల్లల ప్రవర్తనకీ సంబంధం కనబడలేదు. ఐదుగురు పిల్లలు, పండగ, సెలవులు. గెంతడానికి అవి చాలు.

అలాగని పంచదార ఎంతైనా పర్లేదని కాదు. పళ్ళ డాక్టర్ గారు చెప్పింది చెప్పినట్టే.

వెలుతురు_నీడ
మా బాబుకి ఆటిజం ఉంది. చేతికి జిగురు అంటితే తట్టుకోలేడు. ఇలాంటి పనికి ఎప్పుడూ దూరంగా కూర్చునేవాడు. ఒకసారి బిస్కెట్ మీద నేనే ఐసింగ్ పూసి, వాడికి పట్టకారు, రంగు రంగుల చాక్లెట్ బిళ్ళలు ఇచ్చాను. ఒక్కొక్కటే పట్టకారుతో తీసి వరసగా పేర్చాడు. 40 నిమిషాలు. అన్ని బిస్కెట్ల మీదా ఒకే వరస: పసుపు, నీలం, నీలం, పసుపు. మా ఇంట్లో ఇప్పుడు దాన్ని పండగ వరస అంటాం. అలాంటి పిల్లలెవరైనా వస్తే తడి తుడుచుకునే గుడ్డ పక్కనే పెట్టండి, చేయి అంటని పని ఒకటి ఉంచండి.

నీలిగొడుగు
ఇవాళ నాలుగు బిస్కెట్లతో ఒక్కదాన్నే ప్రయత్నించి చూశాను. తిరగేశాను, గోడ కట్టాను, పది అంకెల లెక్క చూశాను. ఒక్క చుక్క కారలేదు. ఎరుపు పక్కన తెలుపు నాలుగు గంటల తర్వాత వేశాను, మరక రాలేదు. పైపింగ్ కవర్ లేదు, జిప్ కవర్ మూల కత్తిరించాను. మొదట ఎక్కువ కత్తిరించి పాడుచేశాను, బియ్యపు గింజ వెడల్పు చాలు.

చక్కెరపాకం
పైన రబ్బరు బ్యాండు గట్టిగా బిగించండి. నింపేటప్పుడు కవర్‌ని పొడవాటి గ్లాసులో పెట్టి అంచులు బయటికి మడిస్తే చేతికి అంటదు. వాడని సమయంలో మూల తడిగుడ్డ మీద ఆనించి ఉంచండి, లేకపోతే ఎండి మూసుకుపోతుంది.

నీలిగొడుగు
అయిపోయింది! నిన్న మధ్యాహ్నం భోజనాలయ్యాక కూర్చున్నాం. 36 బిస్కెట్లు. ముందురోజు రాత్రి అంచులు నేనూ మా పెద్దమ్మాయీ కట్టి ఉంచాం. తను బటర్ పేపర్ మీద గంటసేపు సాధన చేసింది. మూడో కాగితం దగ్గర నుంచి గీత వంకర పోలేదు. తర్వాత తమ్ముళ్ళకి తనే నేర్పింది, "లెక్కపెట్టు, పది దాకా లెక్కపెట్టు" అంటూ.

అన్నీ సాఫీగా జరగలేదు. ఒక కవర్ పక్కనుంచి చీలి ఆకుపచ్చ అంతా మేనల్లుడి చొక్కా మీద పడింది. వెంటనే చల్లనీళ్ళలో నానబెట్టాను, చాలావరకు పోయింది. ఎనిమిదేళ్ళ మేనకోడలు మధ్యలో లేచి వెళ్ళిపోయి కాసేపు బొమ్మలాడుకుని వచ్చింది. రానిచ్చాను, పోనిచ్చాను. చిన్నోడికి గిన్నెలో రెండు చెంచాల స్ప్రింకిల్స్ ఇస్తే మళ్ళీ మొత్తం ఒకే బిస్కెట్ మీద పోశాడు. కానీ ఈసారి పళ్ళెంలోంచి ఎత్తి, ఇంకోదాని మీద పోశాడు, మళ్ళీ ఎత్తాడు. ఆ ఒక్క గిన్నెతో ఏడు బిస్కెట్లు అయ్యాయి.

ఆ బంధువు కూడా వచ్చారు. ఏమీ అనలేదు. మా పెద్దది ఆయనకి ఒక కవర్ ఇచ్చి అంచు ఎలా కట్టాలో చూపించింది. ఆయన నక్షత్రం వేశారు, ఆరు కొసలు వచ్చాయి. నేను సర్దలేదు.

బొమ్మల_టీచర్
ఆరు కొసలది ఎవరు తిన్నారు?

నీలిగొడుగు
చిన్నోడు. ఇంకో సందేహం, పిల్లలు చేయి పెట్టని తెల్ల ఐసింగ్ ఒక గిన్నె మిగిలింది. నీళ్ళతో కలిపిందే, పాలు లేవు. ఉంచొచ్చా?

చక్కెరపాకం
ఉంచొచ్చు. ఐసింగ్ మీద తగిలేలా ప్లాస్టిక్ షీటు పరిచి, గాలి చొరని డబ్బాలో ఫ్రిజ్‌లో పెట్టండి, మూడు నాలుగు రోజులు బాగుంటుంది. వాడేముందు బయట పెట్టి బాగా కలపండి. పల్చబడి ఉంటే ఒక చెంచా పొడి వేయండి. చేయి పెట్టినవి, చెంచా నాకినవి మాత్రం పారేయండి.

నీలిగొడుగు
సరే. ఎల్లుండి మా బాబాయి మనవలు వస్తున్నారు. బిస్కెట్లు ఇంకో రెండు ప్యాకెట్లు తెచ్చిపెట్టాను, విప్పలేదు.